ఆగుటయే మూలకారణం

మా గుట్టకింది వీధికి నీళ్లు తెచ్చే మునిసిపాలిటీ ట్యాంకరు నడిచేటప్పుడు నిమ్మళంగానే నడుస్తుంది. నిలబడితేనే వణుకుతుంది. మామూలు వణుకు కాదు. చలిజ్వరం వచ్చిన మనిషి రెండు దుప్పట్లు కప్పినా ఆగకుండా వణుకుతాడే, అట్లాంటిది. అద్దాలు గలగలమంటాయి. తలుపులు టపటప కొట్టుకుంటాయి. డ్రైవరు దస్తగిరి ముందర కట్టుకున్న నిమ్మకాయలు ఊగి ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి.

ఇంజను ఆపేస్తే సరిపోతుంది కదా అని మీరడగవచ్చు. సరిపోతుంది. కానీ ఆ బండికి సెల్ఫు పోయి చాలా కాలమైంది. ఒకసారి ఆపితే మళ్లీ తోసి స్టార్టు చెయ్యాలి. నీళ్లున్న లారీని తొయ్యడానికి మా వీధి మగవాళ్లు చాలరు. చాలేవాళ్లు అప్పుడే బీడీ ముట్టించుకుని అటు తిరుగుతారు. అందుకని దస్తగిరి ఇంజను ఆపేవాడు కాదు. బండి వణుకుతూ ఉండేది, మేము బిందెలు పట్టుకుంటూ ఉండేవాళ్లం. పక్కింటి మాబున్నీ తన మనవణ్ణి తెచ్చి డ్రైవరు పక్క సీటు మీద పడుకోబెట్టేది. రాత్రంతా ఏడ్చినవాడు ఆ ఊపుకు ఇట్టే నిద్రపోయేవాడు. వణుకు వల్ల మాకు జరిగిన నష్టం ఏమీ లేదు.

నష్టం కమిషనరు గారికి జరిగింది.

ఆయన కొత్తగా వచ్చినవారు. వచ్చిన కొద్దిరోజులకే రాజధానిలో ఏదో శిక్షణకు వెళ్లారు. వెళ్లేటప్పుడు మనిషి బాగానే ఉన్నారు. వచ్చేటప్పుడు మూలకారణాన్ని వెంటబెట్టుకుని వచ్చారు. ప్రతి సమస్యకూ ఒక మూలకారణం ఉంటుందట. దాన్ని కనుక్కోకుండా ఒక్క మర తిప్పినా ప్రజాధనం వృథా చేసినట్టేనట. అప్పటినుంచి ఊళ్లో వీధిదీపం వెలగకపోతే బల్బు మార్చడం మానేశారు. ఎందుకు వెలగలేదో ముందు తేల్చేవారు. తేలేలోపు తెల్లవారేది, దీపంతో పనుండేది కాదు. అట్లా చాలా సమస్యలు తీరిపోయినట్టు నెలవారీ నివేదికలోకి ఎక్కాయి.

ఒక పొద్దున దస్తగిరి బండిని ఆఫీసు ముందర నిలిపి, సంతకం పెట్టడానికి లోపలికి పోయాడు. బండి కమిషనరు గారి కిటికీ కింద వణుకుతోంది. గోడ వణికింది, బల్ల వణికింది, బల్ల మీది గాజు పేపరువెయిటు మెల్లగా పాక్కుంటూ అంచుదాకా వచ్చి ఆయన కాలి బొటనవేలి మీద పడింది.

"ఈ కంపానికి మూలకారణం ఏమిటి?" అని ఆయన కేక పెట్టారు.

అప్పుడు అక్కడ ఉన్నది ఇంజనీరు సదానందం గారు. ఆయన ఫైలు భాష తప్ప వేరే భాష మాట్లాడరు. ఇంట్లో అన్నం వడ్డించమనాలన్నా, "పై విషయమై సత్వర చర్య" అంటారని వాళ్ల వంటామె చెప్పింది. "అట్టి కారణమును విచారించి, నివేదిక సమర్పించుకొనగలవాడను" అన్నారాయన. ఆ మాటతో మా నీళ్లకు చెడ్డరోజులు మొదలయ్యాయి.

ఆ తర్వాత ఆఫీసు ఆవరణలో జరిగింది దస్తగిరి మాకు చెప్పాడు. కొంచెం కలిపి చెప్పి ఉంటాడు. ఆ కలిపింది కూడా నేను తీసెయ్యలేదు.

ముందు ఇద్దరు మెకానిక్కులను పిలిపించారు. ఫకీరప్ప బానెట్ మీద చెవి పెట్టి విని, "నాజిల్ సార్. ఒగ నాజిల్ పోయింది. ఇంజను మిస్సింగ్ కొడతాండాది. నా పెండ్లాం మీద ఒట్టు" అన్నాడు.

రాఘవులు వినకుండానే నవ్వాడు. "నాజిల్ లేదు, గీజిల్ లేదు. కింద మౌంటింగు రబ్బర్లు అరిగినాయి. ఇంజను కుదురుగా కూచోల్యాక ఎగురుతాండాది."

"అరిగింది రబ్బర్లు గాదు, నీ చెవులు."

"నువ్వు పోయినేడు బాగుజేసిన ట్రాక్టరు ఇంగా వెనక్కే పోతాండాదంట గదా, ముందు దాని సంగతి సూడు!"

ఇద్దరూ చొక్కాలు పట్టుకునేసరికి దస్తగిరి మధ్యన దూరాడు. "ఆ రెండూ గాకుంటే డీజిలు పైపులో గాలి పట్టిందేమో. ఇప్పి సూస్తే ఏదో ఒగటి తెలుస్తాది గదా సార్" అన్నాడు.

సదానందం గారు వేలు ఎత్తారు. "విప్పుట అనునది మరమ్మతు కిందకు వచ్చును. మూలకారణము నిర్ధారణ కానిదే మరమ్మతు నిషిద్ధము."

"ఇప్పకుండా నిర్ధారణ ఎట్లయితాది సార్?"

"అందులకే కమిటీ."

ఆ రోజు సెలవు పెట్టని అధికారులందరూ కమిటీలో ఉన్నారు. ఆరోగ్యాధికారి గొట్టం చెవులకు తగిలించుకుని రేడియేటరును పరీక్షించి, ఊపిరి బాగానే ఆడుతోందన్నారు. బండి వయసెంత అని అడిగి, చెప్పిన తర్వాత నాలుక చప్పరించారు. పట్టణ ప్రణాళిక అధికారి నేల వాలుగా ఉందని అనుమానించారు. దాంతో బండిని సిమెంటు నేల మీద నిలబెట్టారు, వణికింది. మట్టి మీద నిలబెట్టారు, వణికింది. తూర్పు ముఖంగా, దక్షిణం ముఖంగా, చెట్టు నీడలో, ఎండలో, సంతమైదానంలో, శ్మశానం గేటు ముందర అన్నిచోట్లా నిలబెట్టి చూశారు. అన్నిచోట్లా ఒకటే వణుకు. ఉద్యానవనాల సూపరింటెండెంటు మాత్రం ఒక చోటినుంచి ఇంకో చోటికి పోయేటప్పుడల్లా బండిలోనే కూర్చుని కునుకు తీశారు. కమిటీని కాపాడింది ఆ కునుకే.

"ఆశ్చర్యమేమంటే, నడిచేటప్పుడు నాకు నిద్ర పట్టింది. ఆపినప్పుడల్లా మెలకువ వచ్చింది" అన్నారాయన.

అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. సదానందం గారి కళ్లు మెరిశాయి. ఆ సాయంత్రమే తీర్మానం తయారైంది. మరునాడు దాని నకలు మా వీధి మొగదల కరెంటు స్తంభానికి అతికించారు. పెద్ద అక్షరాలతో ఉంది కాబట్టి నేను గట్టిగా చదివి అందరికీ వినిపించాను.

"సదరు వాహనము చలనస్థితిలో ఉన్నప్పుడు కంపము లేదనియు, ఆగినప్పుడు మాత్రమే కంపము కలదనియు పలు ప్రదేశములలో పరీక్షించి రూఢి చేసుకొనడమైనది. కావున కంపమునకు ఆగుటయే మూలకారణమని నిర్ధారించడమైనది. మూలకారణమును తొలగించు నిమిత్తము, నేటినుండి సదరు వాహనము ఎచ్చటను ఆగరాదు. ఎవరి నోటిమాట మీదను ఆపరాదు. అతిక్రమించిన డ్రైవరు సస్పెన్షనుకు గురియగును."

"ఆగకుండా నీళ్లెట్ల బోస్తారంట?" అంది మాబున్నీ.

"అది రాయలేదు" అన్నాను.

మరునాడు పొద్దున ట్యాంకరు వచ్చింది. మేము ఎప్పటిలాగే బిందెలు వరసలో పెట్టుకుని నిలబడ్డాం. ట్యాంకరు మా ముందునుంచి వెళ్లిపోయింది. వెనక పైపు విప్పే ఉంది, నీళ్లు రోడ్డు మీద ధారగా పడుతున్నాయి. క్యాబిన్ తలుపు పట్టుకుని శానిటరీ ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు, నోట్లో ఈల. బండి ఆగకుండా చూసుకోవడం ఆయనకిచ్చిన డ్యూటీ.

"దస్తగిరీ! ఆపప్పా! నీళ్లు మట్టిలో పోతాండాయి!" అని నేను అరిచాను.

"ఆపితే నా ఉద్యోగం పోతాది సుంకులక్కా! ఉరికిరాండి, పట్టుకోండి!"

"యాడికి ఉరికేది? నా మోకాళ్లు సూసినావా?" అని ఎదురింటి చౌడమ్మ అరిచింది.

దస్తగిరి పాపం కొంచెం నెమ్మది చేశాడు. వెంటనే ఇన్‌స్పెక్టరు ఈల ఊదాడు. బండి మళ్లీ ముందుకు దూకింది. మేము బిందెలెత్తుకుని ధార వెంట పరిగెత్తాం. నాకు పావు బిందె వచ్చింది. మాబున్నీకి అరబిందె, ఒక తిట్టు వచ్చాయి. తిట్టు ఇన్‌స్పెక్టరుది. అది అప్పటికప్పుడే తిరిగి ఇచ్చేసింది. చౌడమ్మకు చీర మాత్రం తడిసింది.

దస్తగిరి బతుకు మాకంటే ఘోరంగా ఉంది. నీళ్లు నింపే చోట కూడా ఆగడానికి లేదు. ఓవర్‌హెడ్ ట్యాంకు కింద బండిని గుండ్రంగా తిప్పుతూ ఉంటే, పైనున్న మనిషి గుడ్డపైపు పట్టుకుని బండితోపాటు తిరుగుతూ నింపుతున్నాడు. తలతిరిగి రోజుకొకసారి కింద పడుతున్నాడు. డీజిలు కూడా అట్లాగే. దస్తగిరి భార్య రోడ్డు పక్కన నిలబడి రొట్టెలు కిటికీలోకి విసురుతోంది. ఉల్లిపాయ విడిగా విసిరితే పగిలిపోతోందని, రొట్టెలోనే చుట్టి విసరడం నేర్చుకుంది. మిగతా అవసరాల సంగతి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. వేరే డ్రైవరు పక్కన పరిగెత్తుకుంటూ వచ్చి ఎక్కితేనే ఈయన దూకగలడని మాత్రం తెలిసింది.

వారం తిరిగేసరికి స్తంభానికి ఇంకో కాగితం అతికించారు. మా వీధికి తెచ్చిన నీళ్లలో ఎక్కువ భాగం ట్యాంకరులోనే మిగిలిపోతున్నదట. కావున ఈ వీధివారికి నీటి అవసరం లేదని భావించడమైనదట. ఈ నెలాఖరులోగా ఎత్తుబడి, అంటే మేము పట్టుకునే నీళ్లు, పెరగకపోతే మా వీధిని తీసేసి, ఆ నీళ్లు బైపాసు రోడ్డు డివైడరు మొక్కలకు మళ్లిస్తారట.

 మా వీధిలో బోరు వేస్తే దుమ్ము వస్తుంది. గుట్ట అవతల బావి ఉంది కానీ, ఆ నీళ్లతో పప్పు ఉడకదు. చౌడమ్మ కోడలికి నెలలు నిండుతున్నాయి. ట్యాంకరు పోతే మా వీధిలో ఉండలేము. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

బిందెలెత్తుకుని ఆఫీసుకు పోయాం. సదానందం గారు మర్యాదగానే కూర్చోమన్నారు, కుర్చీలు లేవు.

"సార్, బండి ఒగ పది బిందెలు నిండేంత సేపన్నా నిలబడల్ల" అంది మాబున్నీ.

"స్థిరత్వమనునది సాపేక్షమమ్మా" అన్నారాయన. "మీరెప్పుడైనా రైలు ఎక్కినారా? రెండు రైళ్లు ఒకే వేగముతో పక్కపక్కన పోవునప్పుడు, ఒకదానిలోని వారికి రెండవది ఆగినట్టే కనబడును. అటులనే మీరునూ వాహనమంత వేగముతో కదిలినచో, మీ దృష్టిలో వాహనము ఆగినట్టే."

"రైలు గూడా టేసన్లో నిలబడతాది సార్."

"వాహనము ఆగదు. కావున లబ్ధిదారులు కదలవలెను. ఇది కమిటీ అభిప్రాయము."

"మరి ఆ మొక్కలు ఉరుకుతాయా?" అని నేను అడిగాను.

"వాటికా అవసరము లేదు. వాహనము పోతూ పోతూ వాటిపై చల్లును. పైగా మొక్కలనుండి ఇంతవరకు ఒక్క ఫిర్యాదైనను అందలేదు."

"అయితే మా మీద గూడా సల్లుకుంటా పోండి సామీ, నోరు తెర్సుకోని నిలబడతాం!" అంది మాబున్నీ.

ఆయన ఆ సూచనను కాగితం మీద రాసుకున్నారు. అదే నన్ను భయపెట్టింది.

బయటికి రాగానే మాబున్నీ ఇంటి దారి పట్టింది. ఆమె మొగుడు మస్తాను తోపుడుబండి మీద ఉల్లిపాయలు అమ్ముతాడు. ఆ సాయంత్రం మాబున్నీ ఆ బండి మీది సరుకంతా ఇంట్లో కుమ్మరించి, రెండు ప్లాస్టిక్ డ్రమ్ములు ఎక్కించింది.

"ఏమ్మే, నా యాపారం?" అన్నాడు మస్తాను.

"నీళ్లు లేకుంటే నీ ఎర్రగడ్డలు ఎవురు వొండుకుంటారు? సూసేది సాలు, ఆ మోకు ఇట్ల అందీ."

మరునాడు ట్యాంకరు రాగానే నలుగురం పరిగెత్తి తోపుడుబండిని మోకుతో దాని వెనక కొక్కేనికి తగిలించాం. మాబున్నీ బండి మీదెక్కి పైపు డ్రమ్ములో పెట్టింది. సదానందం గారు చెప్పింది నిజమే. ట్యాంకరు, తోపుడుబండి ఒకే వేగంతో పోతుంటే ట్యాంకరు నిలబడినట్టే ఉంది. మలుపు వచ్చేదాకా. మలుపులో ట్యాంకరు తిరిగింది, తోపుడుబండి తిరగలేదు. డ్రమ్ములు, మాబున్నీ, అన్నీ కాలవలో పడ్డాయి.

"దెబ్బ తగిలిందా?" అని అడిగితే, కాలవలోనుంచి, "డ్రమ్ము మూత యాడుందో సూడక్కా" అంది.

రెండో రోజు మలుపుకు ముందే మోకు విప్పాం. మూడో రోజునుంచి మాకు చేయి తిరిగింది. ఇద్దరు మోకు పట్టేవాళ్లు, ఒకరు పైపు పట్టేవాళ్లు, మిగతావాళ్లు పక్కన పరిగెత్తుతూ ఖాళీ బిందె ఇచ్చి నిండు బిందె అందుకునేవాళ్లు. చీరలు కచ్చ పోసి కట్టాం. రేషను షాపుదాకా నడవలేనని మనవణ్ణి పంపే చౌడమ్మ ఇప్పుడు రెండు బిందెలతో నన్ను దాటిపోతూ, "పక్కకు జరుగక్కా" అంటోంది. ట్యాంకరు ఖాళీగా తిరిగిపోతోంది. ఎత్తుబడి పెరిగింది. వీధి నిలబడిందనుకున్నాం.

కానీ మేము పరిగెత్తడాన్ని ఒక పొద్దున కమిషనరు గారు కారులోనుంచి చూశారు.

ఆయన శిక్షణలో రెండో వారం మూలకారణం అయిపోయాక ఆరోగ్యం గురించి చెప్పారట. అది ఇంతవరకు ఆయన దేనికీ వాడలేదు. మమ్మల్ని చూడగానే వాడుకునే దారి దొరికింది. "నీటి పరుగు" అని పేరు పెట్టారు. నీరు, వ్యాయామం రెండూ ఒకే ఖర్చులో అందించే పథకం దేశంలో ఎక్కడా లేదని పత్రికలవాళ్లకు చెప్పారు. దాన్ని చూడటానికి రాజధానినుంచి పరిశీలక బృందం వస్తుందని, వాళ్లు ఒప్పుకుంటే పథకం శాశ్వతమవుతుందని సదానందం గారు స్వయంగా మా వీధికి వచ్చి చెప్పారు.

"శాశ్వతమైన పిదప, ప్రగతి సూచికకై ప్రతి నెలా వాహన వేగము కొంతకొంత పెంచబడును" అన్నారు.

"ఉరకల్యానోళ్లు సార్?" అని అడిగాను. "బిడ్డను కడుపులో పెట్టుకున్న పిల్ల ఉండాది. మంచంలో ఉండే ముసలోళ్లు ఉండారు."

"అట్టివారు పథకము యొక్క లక్షిత వర్గము కిందకు రారు."

చౌడమ్మ కోడలు గడపలో నిలబడి ఆ మాట విన్నది. కడుపు మీద చెయ్యి పెట్టుకుని లోపలికి పోయింది. మేము ఆరోజు సాయంత్రం చాలాసేపు అరుగు మీద కూర్చున్నాం. పరిగెత్తడం నేర్చుకుని మా గొయ్యి మేమే తవ్వుకున్నామని అప్పుడు తెలిసింది. పరిశీలకులు వచ్చే రోజున ఎట్లాగైనా బండి నిలబడాలి. ఎట్లాగో మాత్రం ఎవరికీ తోచలేదు.

పరిశీలకులు వచ్చిన రోజు మునిసిపల్ ఆఫీసు ముందర షామియానా వేశారు. కుర్చీలు, కూల్‌డ్రింకులు, మైకు. ట్యాంకరుకు అరటిపిలకలు కట్టారు. కొబ్బరికాయ కొట్టాల్సిన ముత్తయిదువ టైరు వెంట పరిగెత్తుతూ కొట్టింది. చక్కెర రోడ్డు మీద చల్లారు. కమిషనరు గారు మెడలో పూలదండతో పరిగెత్తుకుంటూ వచ్చి క్యాబిన్ మెట్టు మీదికెక్కారు. ఎక్కేటప్పుడు ఇద్దరు అటెండర్లు వెనకనుంచి తోశారు. ఒక చుట్టు తిరిగి షామియానా ముందర దిగి, పరిశీలకులకు స్వాగతం చెప్పాలని ఆయన ఉద్దేశం.

చుట్టు పూర్తయింది. షామియానా వచ్చింది.

"ఆపవయ్యా" అన్నారు కమిషనరు గారు.

"ఆపగూడదు సార్" అన్నాడు దస్తగిరి.

షామియానా వెళ్లిపోయింది. పరిశీలకులు చప్పట్లు కొట్టారు.

"నేను చెప్తున్నాను, ఆపు!"

"నోటిమాట మీద ఆపరాదని మీరే రాసినారు సార్. పెండ్లాం పిల్లలు గలోన్ని."

"ఆ ఉత్తర్వు ఇచ్చింది నేనే కదా!"

"అందుకే గదా సార్ నాకంత బయం."

ఇన్‌స్పెక్టరుకు బండి నెమ్మదిస్తున్నట్టు అనిపించి ఈల ఊదాడు. కమిషనరు గారు ఆయనవైపు చూసిన చూపుకు ఈల నోట్లోనుంచి జారింది, కానీ బండి అప్పటికే వేగం అందుకుంది.

"దూకండి సార్, మేము పట్టుకుంటాం!" అని కిందనుంచి అటెండర్లు అరిచారు. ఆయన కిందికి చూసి, కళ్లు మూసుకుని, అద్దం కడ్డీని ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నారు. "ఆపమని ఉత్తర్వు తయారుచెయ్యండి!" అని ఆఫీసు కిటికీ వైపు కేక పెట్టారు.

అప్పటినుంచి ఉత్తర్వు పరుగు మొదలైంది. గుమస్తా గిడ్డయ్య కాగితం రాసి, మరుసటి చుట్టులో బండి పక్కన పరిగెత్తుతూ సంతకం చేయించుకున్నాడు. ఆ తర్వాతి చుట్టులో, సంతకం కింద తేదీ లేదని సదానందం గారు గుర్తించారు. మళ్లీ పరుగు. ఆ తర్వాత ముద్ర. ముద్ర తలకిందులుగా పడింది. కొత్త కాగితం. ప్రతి చుట్టులోనూ కమిషనరు గారు షామియానా ముందునుంచి చేయి ఊపుతూ పోతున్నారు. ఆపండని ఊపుతున్నారు. పరిశీలకులు, ఆయన దండం పెడుతున్నారనుకుని తిరిగి దండం పెడుతున్నారు. ఇంత ఓర్పుగల అధికారిని ఎక్కడా చూడలేదని వాళ్లలో పెద్దాయన మైకులో అన్నాడు.

చివరికి అన్నీ సరిగా ఉన్న కాగితంతో గిడ్డయ్య బయటికి వచ్చేసరికి బండి ఆఫీసు దాటిపోయింది. వెంట పరిగెత్తాడు. కానీ గిడ్డయ్య కుర్చీలో కూర్చుని పెరిగిన మనిషి. సంతమైదానం దగ్గర నడుం పట్టుకుని ఆగిపోయాడు. పరిశీలకులకు చూపించడానికి మమ్మల్నీ పిలిపించారు కాబట్టి, పైపు ఇంకా విప్పకపోయినా మేము బిందెలతో, తోపుడుబండితో బండి వెంట అటుగా పరిగెత్తుతున్నాం.

"అమ్మా, మీకు దండం పెడతా. దీన్ని డ్రైవరు చేతిలో పెట్టండి" అన్నాడు.

మాబున్నీ కాగితం అందుకుని నాలుగంగల్లో క్యాబిన్ పక్కకు చేరింది. చేయి ఎత్తబోతూ, కాగితం నావైపు తిప్పింది. "ఏముందో ఒగపాలి సదువక్కా. మల్ల మన మెడకు సుట్టుకుంటాదేమో."

పరిగెత్తుతూ చదవడం నాకు అలవాటు లేదు. అక్షరాలు ఎగురుతున్నాయి. అయినా చదివాను. "సదరు వాహనము, ఈ ఉత్తర్వు డ్రైవరుకు అందిన స్థలమునందే తక్షణము ఆగవలెను. మరల ఉత్తర్వులు వెలువడువరకు అచ్చటనుండి కదలరాదు."

రెండో వాక్యం ఎవరూ ఆలోచించి రాసింది కాదు. గిడ్డయ్య చేయి అలవాటు. ఏ కాగితం చివరైనా అది దానంతటదే వచ్చి కూర్చుంటుంది.

"మాబున్నీ, చెయ్యి దించు" అన్నాను.

"ఏమక్కా?"

"ఇది ఇక్కడ ఇయ్యొద్దు. మన ఈదిలో ఇయ్యి."

మాబున్నీ ఒక్క క్షణం నా ముఖం చూసింది. కాగితం రవికలో దోపుకుంది.

పైనుంచి కమిషనరు గారు చూశారు. "అమ్మా, ఆ కాగితం! ఇవ్వమ్మా! డ్రైవరుకు ఇవ్వు!"

"అందడం ల్యా సార్! బండి జోరు మీద ఉండాది!" అంటూ మాబున్నీ బండిని దాటి ముందుకు పరిగెత్తింది. బండి తిరిగే చుట్టు మా వీధి మీదుగానే. మార్కెట్టు దాటాం, సినిమా హాలు దాటాం, పాత బస్టాండు దాటాం. ఇన్నాళ్లూ వాళ్లు పరిగెత్తించిన పరుగంతా ఆరోజు మాకు పనికొచ్చింది. ఆయన పూలదండలోని పూలు ఒక్కొక్కటే రాలి మా నెత్తుల మీద పడుతున్నాయి. మా వీధిలోకి మలుపు తిరిగి, సరిగ్గా వీధి నడిమికి వచ్చాక, మాబున్నీ కిటికీలోనుంచి కాగితం దస్తగిరి ఒళ్లో పడేసింది.

దస్తగిరి తనకు చదువు రాదని, ఇన్‌స్పెక్టరు చేత రెండుసార్లు చదివించుకున్నాడు. ముద్ర చూశాడు. బ్రేకు వేశాడు. బండి నిలబడింది. నిలబడగానే ఎప్పటి వణుకు మొదలైంది. దస్తగిరి ఒక్క క్షణం ఆలోచించి ఇంజను కూడా ఆపేశాడు. "కదలరాదని రాసినారు గదా. వణికేది గూడా కదిలేదే" అన్నాడు.

వీధంతా నిశ్శబ్దమైపోయింది. కమిషనరు గారు దిగి, ఎవరితోనూ మాట్లాడకుండా ఆటో ఎక్కి వెళ్లిపోయారు. మేము నిండు ట్యాంకరు ముందర నిలబడి, పరిగెత్తకుండా బిందెలు నింపుకున్నాం. చౌడమ్మ కోడలు కూడా చెంబు పట్టుకుని వచ్చింది.

ట్యాంకరు ఇక కదలలేదు. కదిలించాలంటే కొత్త ఉత్తర్వు కావాలి. దానికి, ఎందుకు కదలాలో మూలకారణం కావాలి. పరిశీలకులు మెచ్చుకున్నందుకు కమిషనరు గారికి పదోన్నతి ఇచ్చి వేరే జిల్లాకు పంపించారు. కమిటీ ఉంది గానీ అడిగేవాళ్లు లేరు.

రెండు రోజులకు సదానందం గారు వచ్చి చుట్టూ తిరిగి చూశారు. ఆయన ముఖంలో దిగులు ఉంది. "నెలవారీ నివేదికలో ఇది వాహనముల పట్టికలో ఉన్నది. కదలని వాహనమును వాహనమని చూపినచో ఆడిటు అభ్యంతరము వచ్చును" అన్నారు.

"కదలకుంటే దాన్ని ఏమంటారు సార్?" అని అడిగాను.

"కదలనిచో... స్థిర జలాశయము."

"మరి స్థిర జలాశయానికి నీళ్లు యాడనుంచి వస్తాయి సార్? అది ఒట్టిగుంటే ఆడిటోళ్లు ఊరుకుంటారా?" అంది మాబున్నీ.

ఆయన ఉలిక్కిపడ్డారు. "ఊరుకోరు. నిబంధనల ప్రకారము ప్రతి స్థిర జలాశయమునకును పైపులైను ఉండవలెను. లేనిచో మరియొక అభ్యంతరము!" అంటూ గబగబా వెళ్లిపోయారు. మా వీధికి పైపు వెయ్యడం గుట్టల వల్ల సాధ్యం కాదని మా పెళ్లిళ్లు కాకముందునుంచి చెబుతున్న ఆఫీసు అది. ఆ నెలాఖరుకల్లా గొయ్యి తవ్వి, పైపు తెచ్చి, ట్యాంకరు నెత్తిన కలిపేశారు. వెనకనున్న పైపుకు కొళాయి బిగించారు. దస్తగిరికి కాపలా డ్యూటీ వేశారు. చాపేసుకుని దాని నీడలోనే పడుకుంటున్నాడు.

మొన్న కమిటీ మొత్తం ముగింపు పరిశీలనకు వచ్చింది. బండి ఆగి ఉంది. ఆగి ఉండి కూడా వణకడం లేదు. ఇది వాళ్లు ఊహించనిది. ఆరోగ్యాధికారి గొట్టం పెట్టి విని, పూర్తి విశ్రాంతి లభించినట్టుందన్నారు. సదానందం గారు బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, ఎక్కడైనా అదురు తగులుతుందేమోనని చూస్తున్నారు. ఏ కొంచెం అదిరినా జబ్బు తగ్గలేదని రాసి, మూలకారణం వెతకడానికి మళ్లీ తీసుకుపోతారు.

మేము బిందెలు చప్పుడు కాకుండా కింద పెట్టాం. దస్తగిరి చాప మీద ఊపిరి బిగబట్టాడు. చౌడమ్మ కోడలు చంటిబిడ్డను రొమ్ముకు అదిమి పట్టుకుంది.

"ఎవురూ తుమ్మొద్దండి" అని మాబున్నీ నా చెవిలో గొణిగింది.